ఆయిన శిక్షా శిబిర

హైస్కూలు గేటుకి గుడ్డ బేనరు కట్టింది నేనే.
ఒక మూల తాడు చాలక
నా సైకిలు ట్యూబు ముక్కతో బిగించాను.
ఒడియా అక్షరాలు, గుండ్రంగా, నీలం రంగులో:
ఆయిన శిక్షా శిబిర.

జీడిపిక్కల బుట్ట దించుకుని
బాడాన నీలవేణమ్మ అడిగింది,
"ఏటి రాసినారు లింగరాజూ?"
చదివాను.
"శిక్షా? ఎవలికి? పిల్లలేటి సేసినారు?"

ఒడియాలో శిక్ష అంటే చదువమ్మా అన్నాను.
నమ్మలేదు.
కాశీనగరంలోనే పుట్టి అరవై ఏళ్ళయినా
ఆ మాట ఆమెకి తెలుగులోనే తగిలింది.
నిజం చెప్పాలంటే నాకూ అంతే.
ముప్పై ఏళ్ళుగా కోర్టు పియాదాని.

పర్లాకిమిడి నుంచి జీపులో జడ్జమ్మ దిగింది.
మా అమ్మాయి ఈడు. నల్లకోటు లేదు,
సంబల్‌పురి చీర, చేతిలో గొడుగు.
పిల్లలు లేచి "ఆజ్ఞా" అన్నారు.
అదీ అంతే. వాళ్ళకది మర్యాద, మనకది హుకుం.
మా ఊళ్ళో రెండు భాషలు ఒకే చొక్కా తొడుక్కుని
వేరే వేరే ఇళ్ళకి పోతాయి.

ఆమె ఒడియాలో ఒక ముక్క, నేను తెలుగులో ఒక ముక్క.
కోర్టు మీదే అంది. చెప్పాను.
డబ్బు లేనోళ్ళకి లాయర్ని మేమే పెడతాం అంది. చెప్పాను.
కాగితం వస్తే భయపడకండి, దాక్కోకండి అంది.
ఇక్కడ నీళ్ళు తాగి చెప్పాను.

తర్వాత పిల్లల కోర్టు.
కోట్ని వారి మేక పక్కోళ్ళ చిక్కుడు పాదు తినేసిన కేసు.
హెడ్మాస్టరు బల్ల న్యాయపీఠం, డస్టరే సుత్తి.
జడ్జి ఎనిమిదో తరగతి సవర సుమంతి,
ముందే కోపంగా ఉంది.
నా వేషం కూడా ఉంది!
ఉరిటి ఢిల్లేసు, కాళ్ళకింకా పొలం బురద.
చంకలో గమ్ము సీసా, చేతిలో నోటుబుక్కు కాగితం.
తలుపు లేదు గనక గాలిని తట్టాడు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వాడు కాగితం అతికించి పోవాలి, అంతే పాత్ర.
పోలేదు. చతికిలబడి కూచున్నాడు.
"అప్పా, ఇది ఒడియాలో ఉంది, నీకు రాదు గదా,
ఇను, సదువుతాను" అని
పేరు దగ్గర్నుంచి వాయిదా తేదీ దాకా
తెలుగులో చెప్పేశాడు.
వాడికెవరూ నేర్పలేదు.

జడ్జమ్మ చప్పట్లు కొట్టింది.
నా చేతులు మాత్రం
తాటిమెట్ట మీద ఒక తలుపు దగ్గర ఉండిపోయాయి.
పద్దెనిమిదేళ్ళ కిందట. దుంగ తులసమ్మ ఇల్లు.
ఆమె కూలికి పోయింది. గమ్ము రాశాను, అతికించాను,
"అతికించడమైనది" అని వెనక రాసుకున్నాను,
పక్కింటాయన సంతకం తీసుకున్నాను.
పోలియో చుక్కల కాగితమనుకుందట.
సర్కారుది గదా అని చింపకుండా ఉంచింది.
వాయిదాకి రాలేదు. ఏకపక్షం అన్నారు.
ఎకరన్నర మెట్ట, మూడు జీడిచెట్లు పోయాయి.
కాగితం మాత్రం రెండు వానాకాలాలు తలుపుని వదల్లేదు.

చదివి చెప్పమని రూల్లో లేదు.
చెప్పొద్దనీ లేదు.

శిబిరం అయ్యాక కుర్చీలు లెక్కపెట్టాను, ఒకటి తక్కువ.
ట్యూబు ముక్క విప్పి జేబులో వేసుకున్నాను.
బేనరు మడత పెడితే
ఆ ఒక్క మాటే పైకి మిగిలింది.
ఏ భాషలో చదవాలో తెలీక అలాగే చుట్టేశాను.

మర్నాడు సంచిలో నాలుగు సమన్లు.
మొదటి ఇంటి అరుగు మీద కూచుని
కళ్ళజోడు తుడుచుకున్నాను.
ముసలాయన లోపల్నుంచే, "ఏటి, అతికించీసి పోవా?"
"ఇటు రా మావా, ఇను."
వంశధార గాలి కాగితాన్ని లాక్కుపోతోంది.
బొటనవేలితో అదిమిపట్టి చదివాను.
అయిపోయింది. ఆయన చుట్ట ఆర్పి
కాసేపు ఊరుకున్నాడు.
"మల్లొక్కసారి సదువు" అన్నాడు,
"ఆ తేదీ కాణ్ణుంచి."